కిటికీ వైపు వాలు

మా ఆయన పేరు అడిగితే పూల్ ఆడేవాళ్ళెవరికీ తెలియదు. మట్టం మేస్త్రీ అనండి, చెయ్యి పట్టుకుని మా గుమ్మం దాకా తీసుకొచ్చి దింపుతారు. పూల్ బల్లకి గుడ్డ తొడగడం, బల్లని మట్టంగా నిలబెట్టడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. అందులో ఇరవై రెండేళ్ళు నేనూ చేశాను, కానీ నన్ను మేస్త్రీ అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మేస్త్రీ గారి భార్య అంటారు. సరేలెండి, ఆ గొడవ ఇప్పుడెందుకు.

పూల్ బల్ల అంటే అందరూ చెక్క అనుకుంటారు. పైన కనిపించేది గుడ్డ, గుడ్డ కింద ఉండేది రాయి. మూడు రాతి పలకలు పక్కపక్కన పేర్చి, అతుకుల్లో కరిగిన మైనం పోసి, చల్లారాక గీకి, కళ్ళు మూసుకుని చేత్తో తడిమినా అతుకు దొరకనంతగా నునుపు చెయ్యాలి. కాళ్ళ కింద పలచటి రేకు ముక్కలు దోపుతూ రసమట్టంలో బుడగ నడిమధ్యకి వచ్చేదాకా కుస్తీ పట్టాలి. ఆ తర్వాత గుడ్డ. ఒకరు లాగుతుంటే ఇంకొకరు రెండో చివర బిగించి పట్టుకోవాలి. ఎక్కువ లాగితే బంతి పరుగులు పెడుతుంది, తక్కువ లాగితే మధ్యలో చతికిలబడుతుంది. ఎంత లాగాలో మాటల్లో చెప్పలేను. నా వేళ్ళ కొసలు మొద్దుబారిపోయి వేడి టీ గ్లాసు పట్టుకున్నా తెలియదు, కానీ గుడ్డ ఒక పోగు వదులైతే మాత్రం తెలుస్తుంది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. దాన్ని బల్ల చెప్పడం అంటారు. పెద్ద పందెం ఉన్నప్పుడు కొత్త గుడ్డ వేయిస్తారు. వేసిన మేస్త్రీ ఇరుపక్షాల వాళ్ళనీ పిలిచి, నాలుగు వైపుల నుంచీ ఒక్కో బంతిని నత్తనడకన దొర్లించి, దాని లోపం పైకి చెప్పాలి. ఈ మూల వెంట్రుకంత లాగుతుంది, ఆ వైపు అంచు రబ్బరు కుషన్ కాస్త మందంగా ఉంది, ఇలా. లోపం లేని బల్ల ఎక్కడా ఉండదు. ఉందన్నవాడు ఆ పని కొత్తగా నేర్చుకుంటున్నవాడన్నమాట. ఇంకో సంగతి, ఆట మధ్యలో వాలు మారినట్టు మేస్త్రీకి అనిపిస్తే ఆట ఆపించి మళ్ళీ చెప్పాలి. ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు. కానీ లక్షలు ఒడ్డి ఆడేవాళ్ళు, కన్నతండ్రి మాట కూడా నమ్మనివాళ్ళు, మేస్త్రీ చెప్పిన వాలుని నోరెత్తకుండా నమ్ముతారు.

మా ఆయన చెప్పిన వాలు ఇంతవరకూ తప్పలేదు. అందుకే ఆయన పందెం ఆడడు. పెళ్ళికి ముందు ఆడేవాడట, ఎదురులేని ఆటగాడట. పని నేర్పిన ముసలి మేస్త్రీ ఒకరోజు కూర్చోబెట్టి, గుడ్డ వేసేవాడే పందెం కూడా ఆడితే వాడు చెప్పిన బల్లని ఎవడు నమ్ముతాడు, ఏదో ఒకటి తేల్చుకో అన్నాడు. ఈయన మర్నాడే మానేశాడు. ఈ ముక్క ప్రతివాళ్ళకీ చెప్పలేక నా ప్రాణం పోతోంది, ఎందుకంటే అందరూ నా కొంగు పట్టుకుని మానేశాడనుకుంటారు. నాకంత అదృష్టమా.

మానేశాక పేరు తగ్గుతుందనుకుంటాం కదా. పెరిగింది. సాయంత్రాలు పూల్ హాల్లో సరదాకి కర్ర పట్టుకుంటే పక్క బల్లల వాళ్ళు ఆటలు ఆపి వచ్చి నిలబడేవాళ్ళు. డబ్బు పెట్టి ఆడితే ఈయన్ని గెలిచేవాడు పుట్టలేదని చెప్పుకునేవాళ్ళు. ఆడితే ఎప్పుడో ఒకప్పుడు ఓడేవాడు, మనిషే కదా. ఆడకపోవడం వల్ల ఓడిందీ లేదు. నేను వేళాకోళం చేసేదాన్ని, పరీక్ష రాయకుండా ఫస్టు వచ్చినవాడిని మిమ్మల్నే చూశానండీ అని. ఆయన నవ్వేవాడు. అప్పట్లో బాగా నవ్వేవాడు.

ఇక మా తమ్ముడి సంగతి. నాకు ఒక్కడే తమ్ముడు. మనసు మంచిది, నోరు కూడా మంచిదే, కాకపోతే దాన్ని ఎప్పుడు మూసుకోవాలో వాడికి ఎవరూ నేర్పలేదు. కాగితాల గోడౌను మీద మొదటి అంతస్తులో వాడి పూల్ హాలు. ఆరు బల్లలు, పాత చెక్క నేల, రోడ్డు వైపు వరసగా నాలుగు కిటికీలు. హాలు వెనక రెండు గదుల్లో వాడూ, మరదలూ, ఇద్దరు పిల్లలూ ఉంటారు. బతుకుతెరువూ అదే, తల దాచుకునే చోటూ అదే.

అలాంటి హాలుని వాడు పందెం పెట్టాడు. మీరు సరిగ్గానే విన్నారు. అప్పట్లో ఒక ఎడంచేతి ఆటగాడు ఊరూరా తిరిగి అందరినీ ఓడిస్తున్నాడు. పాతికేళ్ళుంటాయేమో, నెమ్మదస్తుడు. వాడి వెనక డబ్బు పెట్టేది ఒక కాంట్రాక్టరు. ఆ కాంట్రాక్టరు మా తమ్ముడి హాలుకొచ్చి, నలుగురిలో, మీ దగ్గర మావాడితో నిలబడి ఆడేవాడే లేడన్నాడు. మా తమ్ముడికి రోషం పొడుచుకొచ్చింది. వాడి దగ్గర పొడుగోడని ఒక మంచి ఆటగాడున్నాడు, వాణ్ణి చూసుకుని ధైర్యం. మాట మీద మాట పెరిగి, హాలు తరఫున ఎవరాడినా సరే, మేం ఓడితే హాలు నీది అనేశాడు. గెలిస్తే హాలు ఖరీదంత డబ్బు వాళ్ళిస్తారు. కాగితం మీద సంతకాలయ్యాక వచ్చి నాకు చెప్పాడు. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను.

బల్ల ఎవరు వెయ్యాలన్న దగ్గర మాత్రం రెండు పక్షాలకీ పేచీ రాలేదు. మట్టం మేస్త్రీ అన్నారు ఇద్దరూ. హాలు వాడికి స్వయానా బావ కదా అని కాంట్రాక్టరు మనిషి ఎవరో నసిగితే, ఎడంచేతి వాడే అన్నాడట, బావైతే ఏంటి, ఆయన చెప్పిన బల్ల మీద నేను కళ్ళు మూసుకుని ఆడతానని.

ఆదివారం పొద్దున్నే మేమిద్దరం వెళ్ళి పని మొదలుపెట్టాం. కిటికీ వైపు బల్ల. ఒంటిగంటకల్లా గుడ్డ బిగించాం. ఎడంచేతి వాడు ముందే వచ్చి స్టూలు మీద కూర్చుని మా పని చూశాడు. గుడ్డ ముడతలు తీసే ఇస్త్రీ పెట్టె తీగ నా కాలికి చుట్టుకుంటే లేచి విడదీసి మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. అందరూ వచ్చాక మా ఆయన నాలుగు వైపుల నుంచీ బంతులు దొర్లించి బల్ల చెప్పాడు. తలుపు వైపు కింది మూలకి వెంట్రుకంత లాగుతుంది, మిగతాదంతా మట్టం. ఎడంచేతి వాడు తనూ ఒక్క బంతి దొర్లించుకుని, సరేనండి అన్నాడు.

మూడింటికి ఆట. రెండున్నరకి పొడుగోడి ఫోను మూగబోయింది. ఇంటికి మనిషిని పంపితే, పొద్దున్నే బట్టలు సర్దుకుని ఎటో వెళ్ళాడని చెప్పారు. భయపడ్డాడు, ఇంకేముంది. అంత పందెం భుజాన మోసుకుని ఆడటమంటే మాటలు కాదు. మా తమ్ముడు గోడకి చేరబడి అలాగే కిందికి జారి కూర్చున్నాడు. కాంట్రాక్టరు గడియారం చూసుకుని, మూడింటికి ఆటగాడు లేకపోతే ఓడినట్టే లెక్క అన్నాడు. లోపలి గదిలోంచి మరదలు వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ఆయన వైపు చూసింది.

అందరూ అటే చూశారు. చూడరా మరి.

మా తమ్ముడు లేచొచ్చి, "బావా, నువ్వే ఆడాలి" అన్నాడు.

"గుడ్డ వేసింది నేనురా."

"హాలు తరఫున ఎవరైనా అని రాసుకున్నాం బావా. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను?"

మా ఆయన నన్ను పక్కకి పిలిచాడు. ఆ మొహం అంతకు ముందెప్పుడూ చూడలేదు నేను. "గెలిస్తే బల్లలో ఏదో చేశానంటారు. ఓడితే అమ్ముడుపోయానంటారు. ఆడకపోతే నీ తమ్ముడు రోడ్డున పడతాడు. ఏం చెయ్యమంటావే?" అన్నాడు. ఆడండి అన్నాను. ఇంకేమంటాను, తోడబుట్టినవాడు.

కాంట్రాక్టరు ముందు గొణిగాడు. గుడ్డ వేసినవాడు పందెం ఆడటం ఎక్కడైనా ఉందా అన్నాడు. మా ఆయన అందరికీ వినపడేలా చెప్పాడు, ప్రతి ఆటకీ మొదటి దెబ్బ అబ్బాయే కొట్టుకోవచ్చు, కావాలంటే మళ్ళీ మట్టం పెట్టి చూసుకోవచ్చు అని. మొదటి దెబ్బ వదులుకోవడమంటే ఆ ఆటలో చాలా వదులుకున్నట్టే. ఎడంచేతి వాడు మట్టం ముట్టుకోలేదు. "మేస్త్రీ గారు చెప్పారుగా, చాలు" అని కర్రకి సుద్ద రాసుకున్నాడు.

ఆట ఏంటంటే, తెల్ల బంతితో కొట్టి ఒకటో నంబరు నుంచి వరసగా బంతుల్ని పాకెట్లలో వెయ్యాలి, తొమ్మిదో బంతి వేసినవాడిది ఆ ఆట. అలా ముందు పదకొండు ఆటలు గెలిచినవాడిది పందెం.

మా ఆయన ఆ రోజు ఆడినట్టు నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ సరదాకి ఆడిందంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కర్ర చేతిలో ఉందో, చెయ్యే కర్రయిందో తెలియలేదు. అది చూసి నాకు గర్వం వేసిందని ఒప్పుకుంటాను, అంత కష్టంలోనూ. ఎడంచేతి వాడు మాత్రం తక్కువవాడా. ఒకరు రెండు ఆటలు గెలిస్తే ఇంకొకరు రెండు. అయిదున్నరకి చెరి పదీ అయ్యాయి. మిగిలింది ఒక్క ఆట.

ఆ సంగతి ఎలా తెలిసిందో గోడౌను వీధి వీధంతా పైకొచ్చింది. ఉక్కపోత. గాలి కోసం జనమంతా కిటికీల వైపే గుమిగూడారు. నూరు మందికి తక్కువుండరు. పాత చెక్క నేల అని చెప్పాను కదా.

ఆఖరి ఆటలో మా ఆయన అవతలివాడికి సులువైన దెబ్బ దొరక్కుండా తెల్ల బంతిని మెల్లగా పంపాడు. అది ఆగాల్సిన చోట ఆగలేదు. కిటికీ వైపు ఇంకో అంగుళం పాకి ఆగింది. అక్కడున్నవాళ్ళలో ఎవరికీ అందులో వింతేమీ కనపడలేదు. ఆయన నడుం నిటారు చేసి ముందు బంతిని చూశాడు, తర్వాత జనం కాళ్ళని చూశాడు. బల్ల అంచు మీద అరచెయ్యి ఆనించి ఒక క్షణం ఉంచాడు. నాకు అర్థమైపోయింది. జనం బరువుకి నేల అటు కుంగింది, నేలతో పాటు బల్లా వంగింది. పొద్దున చెప్పిన బల్ల వేరు, ఇప్పుడు ఆడుతున్న బల్ల వేరు.

ఆట ఆపించాలి. జనాన్ని వెనక్కి జరిపించి మళ్ళీ బల్ల చెప్పాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేస్తున్నది అదే. ఆయన తలెత్తి నా వైపు చూశాడు.

మా తమ్ముడు నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. గుమ్మంలో మరదలి చంకలో చిన్నది నిద్రపోయింది. ఇప్పుడు నోరు విప్పితే ఎడంచేతి వాడు ఆ వాలు లెక్క వేసుకుని ఆడతాడు, ఇక వాణ్ణి ఆపేవాడు లేడు. విప్పకపోతే తెలిసినవాడు ఒక్కడే. నేను తల అడ్డంగా ఊపాను. చెప్పొద్దని. అంతే నేను చేసింది. తల ఇటు నుంచి అటు ఊపడానికి ఎంతసేపు పడుతుంది.

ఆయన బల్ల మీంచి చెయ్యి తీసేశాడు.

ఎడంచేతి వాడు వచ్చి ఒక్కొక్కటే బంతులు వేసుకుంటూ పోయాడు. ఎనిమిదోదీ పడింది. తొమ్మిదో బంతి పొడుగాటి దెబ్బ, గట్టిగా కొడితే వెనకాలే తెల్ల బంతి కూడా పాకెట్లో పడి దెబ్బ చెల్లకుండా పోయేలా ఉంది, అందుకని మెత్తగా కొట్టాడు. తప్పేమీ లేదు, ఎవరైనా అలాగే కొట్టాలి. బంతి చక్కగా వెళ్ళింది, వెళ్ళి వెళ్ళి చివర్లో కిటికీ వైపు ఒరిగి, పాకెట్ అంచుకి తగిలి అక్కడే వేలాడుతూ ఆగిపోయింది. వాడు బంతిని చూడలేదు. తన ఎడం చేతిని చూసుకున్నాడు. వేళ్ళు చాపి, ముడిచి, మళ్ళీ చూసుకున్నాడు.

మిగిలినది పసిపిల్లలు కూడా వేసే బంతి. మా ఆయన వేశాడు.

జనం ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మా తమ్ముడు నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. కాంట్రాక్టరు డబ్బు అక్కడే ఇచ్చేశాడు, మాట దాటలేదు. బల్లలో ఏదో చేశాడన్నవాడు ఒక్కడూ లేడు. అంటారనే కదా ఆయన అంత భయపడ్డాడు. ప్రతి ఆటలో మొదటి దెబ్బ వదులుకుని గెలిచాడు, మనిషంటే అలా ఉండాలి అన్నారు. ఎవడైనా ఒక్కడు అనుమానపడి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఇంటికొచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నీ వల్లే అని తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని, నీకు నోరు లేదా, నీ చెయ్యి నేను పట్టుకున్నానా అని అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, తేలిపోయేది. ఆయన కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు. పది రోజుల తర్వాత నేనే కదిపాను, చెప్పేద్దామా అని. "చెబితే ఆ పందెం చెల్లదు. డబ్బు తిరిగివ్వాలి, మళ్ళీ ఆడాలి. నీ తమ్ముడు అప్పుడే ఆ డబ్బు ఖర్చు పెట్టేశాడు" అన్నాడు. నిజమే. వాడు వారం తిరక్కుండా పాత చెక్క నేల పీకించేసి ఇనుప దూలాలు వేయించాడు, వాటి మీద సిమెంటు స్లాబు పోయించాడు. ఇక నా హాలు కొండలా ఉంటుంది అక్కా అని మురిసిపోయాడు. కాంట్రాక్టరుకి తిరిగివ్వాలంటే ఆ హాలే అమ్మాలి.

ఆ తర్వాత పనికి పిలిచేవాళ్ళు మూడింతలయ్యారు. ఎక్కడికి వెళ్ళినా మర్యాదే. బల్ల చెప్పే సమయానికి మాత్రం ఆయన ఒక పట్టాన తేల్చి చెప్పడు. బంతి దొర్లిస్తాడు, చూస్తాడు, మళ్ళీ దొర్లిస్తాడు. ఇదివరకు నాలుగుసార్లతో అయ్యే పనికి ఇప్పుడు నలభైసార్లు. చుట్టూ ఉన్నవాళ్ళు, ఎంత నిక్కచ్చి మనిషో చూశారా అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా ఆయన తల ఇంకాస్త కిందికి దిగుతుంది. సాయంత్రాలు కర్ర ముట్టడం మానేశాడు. దానికీ ఒక గొప్ప కారణం కల్పించారు, చివరి ఆట గెలిచి విరమించుకున్న మహానుభావుడట. మనిషిని మంచివాడని పొగుడుతూ చంపడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది నాకు.

ఏడు నెలలు గడిచాయి. ఒక పొద్దున్న ఇద్దరం ముందు గదిలో నేల మీద గుడ్డ పరిచి కొలత వేస్తున్నాం. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ఎడంచేతి వాడు. సగానికి సగం అయిపోయాడు, మొదట గుర్తుపట్టలేదు. చేతిలో కర్ర పెట్టె ఉంది.

"పని పాడు చేశానా అక్కా?" అన్నాడు.

కూర్చోమని టీ ఇచ్చాను. గ్లాసు కుడిచేత్తో అందుకున్నాడు. అటు ఇటు చూసి, తాగకుండానే మొదలుపెట్టాడు.

"మేస్త్రీ గారూ, ఆ రోజు నుంచి నా ఆట పోయింది. ఇంట్లో ఒక్కణ్ణే ఆ బంతి వేస్తాను, రోజుకి రెండు వందలసార్లు వేస్తాను, పడుతుంది. నలుగురిలో వేస్తే పడదు. కొట్టే ముందు చెయ్యి అనుమానిస్తోంది. అందరి దగ్గరా ఓడాను. కాంట్రాక్టరు గారు వదిలేశారు, ఆయన తప్పేం లేదు. డాక్టరు నరాలు బాగున్నాయన్నాడు. మీరు పక్కనే నిలబడి చూశారు. నా చెయ్యి ఎక్కడ తప్పిందో మీ కంటికి తెలియకుండా ఉండదు. ఆ ఒక్కటీ చెప్పండి, వెళ్ళిపోతాను."

మా ఆయన కత్తెర కింద పెట్టాడు. ఇక నేను ఆగలేకపోయాను. తమ్ముడి హాలు ఏమైపోతే అయిపోనీ, వీడూ ఒక తల్లి కన్నబిడ్డే కదా అనిపించింది.

"నీ చెయ్యి తప్పలేదు నాయనా" అన్నాను. "బల్ల వంగింది. జనం బరువుకి కిటికీ వైపు వంగింది. ఈయనకి తెలుసు. చెప్పబోతుంటే వద్దని సైగ చేసింది నేను. మేం నిన్ను మోసం చేశాం."

అమ్మయ్య, అనేశాను. గుండెల మీంచి బండ దిగినట్టయింది. వాడు లేచి ఈయన కాలర్ పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకుంటే పట్టుకోనీ, మంచిదే అనుకున్నాను.

వాడు నవ్వాడు. మెత్తగా, కోపమనేది లేకుండా నవ్వాడు.

"మావాళ్ళు ముందే అన్నారక్కా, మేస్త్రీ గారి దగ్గరికి వెళితే నిన్ను నొప్పించే మాట అనరని."

"నిజం బాబూ" అన్నాడు మా ఆయన. "నా చేత్తో ముట్టి చూశాను. అంగుళం పాకింది. ఆట ఆపాల్సింది, ఆపలేదు. ఒట్టు."

"మీరు చెప్పని వాలా మేస్త్రీ గారూ?" చిన్నపిల్లల్ని సముదాయిస్తున్నట్టు అన్నాడు వాడు. "మోసం చేసే మనిషైతే ప్రతి ఆటా మొదటి దెబ్బ నాకెందుకు ఇస్తారు? మట్టం పెట్టి చూసుకోమని ఎందుకంటారు?"

నాకు కోపం ముంచుకొచ్చింది. నిజం చెబుతుంటే నమ్మడేంటి వీడు. "లేవండి, హాలుకి తీసుకెళ్ళి చూపించండి" అన్నాను మా ఆయనతో. "ఏం చూపించనే?" అన్నాడాయన. "అక్కడిప్పుడు సిమెంటు. నూరు మంది కాదు, ఏనుగు నిలబడినా కదలదు." ఆ మాట విని వాడు ఇంకా నవ్వాడు, జాలిగా. మేం అబద్ధం సరిగా అల్లుకోలేకపోతున్నామనుకున్నాడు.

టీ తాగేసి గ్లాసు తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. వ్యాను నడిపే పనిలో కుదిరానన్నాడు. కర్ర పెట్టె మా గోడకి ఆనించి, "ఇక నాకు దీంతో పని లేదు, మీ దగ్గరుంటే మర్యాదగా ఉంటుంది" అని చెప్పులేసుకున్నాడు.

మా ఆయన చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. నేనూ వెనకాల పరిగెత్తాను. మలుపు దగ్గర, టీ బడ్డీ ముందు, వాడి ఎడం మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఈ చెయ్యి బాగుంది. నా మాట నమ్ము. నేను దొంగని" అంటున్నాడు, కళ్ళలోంచి కారిపోతున్నాయి. టీ బడ్డీ దగ్గరున్నవాళ్ళంతా చూస్తున్నారు.

వాడు మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. "మీరు నన్ను ఓడించినందుకు కాదు మేస్త్రీ గారూ," అన్నాడు, "నాలాంటి వాడి కోసం ఇంత అబద్ధం ఆడినందుకు మిమ్మల్ని బతికినన్నాళ్ళూ మర్చిపోను."

వాడు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. బడ్డీ మీద టీ కాచేవాడు పక్కవాడితో అంటున్నాడు, ఓడినవాడి కోసం తనే దొంగనంటున్నాడు చూడు, అలాంటి మనిషి మన వీధిలో ఉండటం మన అదృష్టమని. మా ఆయన నడిరోడ్డు మీద, ఆ మాటలు వినపడేంత దూరంలో, కదలకుండా నిలబడి ఉన్నాడు.